మహామారులు - మృతసంఖ్య

మహాభారతమున స్త్రీపర్వములో ఒక ఘట్టము కలదు. పదునెనిమిది దినముల సంగ్రామము ముగిసినది. కుమారులందఱిని పోగొట్టుకొన్న ధృతరాష్ట్రుడు ధర్మరాజును చూచి, బ్రతికినవారి లెక్క నీవు ఎఱుగుదువు గదా, చనిపోయినవారి లెక్క తెలిసినచో చెప్పుమని అడిగెను. ధర్మరాజు మడిసినవారి సంఖ్య 166 కోట్ల 20 వేలని చెప్పెను. అంతటితో ఊరకుండక, ఏమైరో కానరానివారు 24,165 మంది యని వేఱుగా చెప్పెను.

ఈ సంఖ్యలను చరిత్రగా ఎంచనక్కఱలేదు. కాని లెక్క చెప్పిన తీరు గమనింపదగినది. తెలిసిన చావు ఒక పద్దు. జాడ తెలియనిది మఱియొక పద్దు. ధర్మరాజు రెంటిని కలిపివేయలేదు, రెండవదానిని దాచివేయలేదు. లెక్కకు అందనివారు కూడ ఉన్నారని ఒప్పుకొనుటయే లెక్కలోని మొదటి సత్యము.

మహామారులు యుద్ధములకంటె తక్కువైనవి కావు. అవి కొనిపోయినవారి సంఖ్య మాత్రము యుద్ధమృతుల సంఖ్యకంటె తెలియుట కష్టము. యుద్ధమున గాయము కనిపించును. వ్యాధి కనిపింపదు. దానిని కనిపింపజేయుటకు పరీక్ష కావలెను. పరీక్ష అందనిచోట చావు జరుగును గాని, ఆ చావునకు పేరు దొరకదు. పేరు లేని చావు మహామారి పద్దులోనికి ఎక్కదు. చరిత్రలో ఇది పలుమాఱులు జరిగినది. అందు మూడు నాలుగు ఉదాహరణములను పరిశీలించినచో విషయము తేటపడగలదు.

రెండు విధముల లెక్క

మరణములను లెక్కించుటకు రెండు మార్గములు కలవు. మొదటిది, ఒక్కొక్క మరణమునకు కారణమును నిర్ణయించి, ఆ కారణముల వారీగా కూడుట. రెండవది, కారణమును విచారింపక ఊరికి మొత్తము మీద ఎందఱు చనిపోయిరో కూడి, సాధారణ సంవత్సరముల మొత్తముతో పోల్చి, హెచ్చుగా నున్నదానిని కనుగొనుట.

ఈ రెండు పనులకును కౌటిల్యుని అర్థశాస్త్రమున పోలికలు దొరకును. అనుమానాస్పదముగా హఠాత్తుగా చనిపోయినవాని కళేబరమునకు తైలము పూసి పరీక్షింపవలెననియు, చేతులు, కాళ్లు, కన్నులు మున్నగువాని లక్షణములను బట్టి ఉరియో విషమో దెబ్బయో తెలిసికొనవలెననియు నాలుగవ అధికరణమున చెప్పబడినది. ఇది కారణపరీక్ష. రెండవ అధికరణమున గోపుడను ఉద్యోగి పేరు వచ్చును. అయిదు లేక పది గ్రామముల లెక్క వాని వశమున నుండును. ఇండ్లు, మనుష్యులు, పశువులు, ఎవరెవరు ఏ వృత్తిలో నున్నారను సంగతి అన్నియు అతడు వ్రాసి ఉంచవలెను. ఇది సమష్టి లెక్క.

కారణపరీక్ష ఒక్క మనిషికి తగినది. వేలకొలది మంది ఒక్క మాసములో రాలిపోవునప్పుడు ఆ పరీక్ష అందఱికిని అందదు. అప్పుడు గోపుని లెక్కయే దిక్కు. ఈ భేదమును మఱచి, పరీక్షకు అందినవారినే మహామారి మృతులుగా భావించుట వలన భ్రాంతి కలుగుచున్నది.

లండను నగరపు ప్లేగు

పదునేడవ శతాబ్దమున లండను నగరములో వారమువారము మరణ పట్టికలు అచ్చువేయుచుండిరి. చావు సంభవించిన ఇంటికి వెళ్లి కారణము తెలిసికొని వచ్చుటకు ప్రతి పేటలోను వృద్ధస్త్రీలు నియమింపబడియుండిరి. వారు వైద్యము చదివినవారు కారు. చూచినదియు, ఇంటివారు చెప్పినదియు కలిపి ఒక కారణమును చెప్పుచుండిరి. ప్లేగని తేలినచో ఆ ఇంటికి తలుపులు బిగించి, బ్రతికియున్నవారిని కూడ లోపలనే నిర్బంధించుచుండిరి. అందువలన ఇంటివారు ప్లేగును మఱుగుపఱచి వేఱొక వ్యాధి పేరు చెప్పుట సహజము. లంచములును నడిచెను.

జాన్ గ్రాంట్ అను వస్త్రసామగ్రి వర్తకుడు ఈ పట్టికలను సంవత్సరముల తరబడి పోగుచేసి, 1662లో ఒక గ్రంథమును ప్రకటించెను. అతడు వైద్యుడు కాడు, విశ్వవిద్యాలయములో చదివినవాడు కాడు. అంగడి లెక్కలు చూచిన బుద్ధితోనే ఊరి చావుల లెక్కను చూచెను. 1625వ సంవత్సరము ప్లేగు సంవత్సరము. ఆ యేడు మొత్తము ఖననములు 54,265. అందు ప్లేగు పేర వ్రాయబడినవి 35,417. తక్కినవి 18,848. దానికి ముందు వెనుకల సాధారణ సంవత్సరములలో లండనులో మొత్తము చావులు ఇంచుమించు 7, 8 వేలని గ్రాంట్ ఎంచెను. అట్లయినచో ఆ యేడు మాత్రము ఇతరవ్యాధులు రెట్టింపునకు పైగా ఏల చంపవలెను? కాబట్టి సుమారు 11 వేల చావులు వేఱుపేర్లతో వ్రాయబడిన ప్లేగు చావులే యని గ్రాంట్ తేల్చెను.

అతడు ఒక్క శవమును కూడ పరీక్షింపలేదు. రెండు మొత్తములను పక్కపక్కన పెట్టి తీసివేత మాత్రమే చేసెను. మహామారి మృతసంఖ్యను నిర్ణయించుటలో నేటికిని ఈ తీసివేతయే ఆధారమై యున్నది. రెండువందల యేండ్లకు లోపలనే విలియం ఫార్ అను ఆంగ్లేయ గణకుడు 1847 నాటి ఇన్‌ఫ్లూయెంజాకు ఇదే పద్ధతి వాడి, ఆ వ్యాధి పేర వ్రాయబడినవి దాని వలన హెచ్చిన మరణములలో కొద్దిభాగమే యని చూపెను. ముసలివారు, ఊపిరితిత్తుల జబ్బు కలవారు ఇన్‌ఫ్లూయెంజాతో పడి, న్యుమోనియా పేర, ఉబ్బసము పేర, వార్ధక్యము పేర లెక్కలోనికి పోయిరి.

1918 నాటి బొంబాయి జ్వరము

మన దేశపు చరిత్రలో ఈ విషయమునకు ఇంతకు మించిన ఉదాహరణము లేదు. మొదటి ప్రపంచ సంగ్రామము ముగియవచ్చుచున్న 1918 జూను మాసములో బొంబాయి రేవున జ్వరము కనిపించెను. మొదటి విడత తేలికగా పోయెను. సెప్టెంబరులో రెండవ విడత విజృంభించెను. అక్టోబరు 6వ తేదీ ఒక్క దినమున బొంబాయి నగరములో 768 మంది మరణించిరి. రైలుమార్గముల వెంబడి, సిపాయిల వెంబడి, బేరగాండ్ర వెంబడి వ్యాధి లోపలి ప్రాంతములకు ప్రాకెను. ఆ యేడు వానలు తప్పినవి. ధాన్యపు ధరలు మండుచున్నవి. వైద్యులు పలువురు యుద్ధసేవలో నుండిరి. ముసలివారికంటె ఇరువది మొదలు నలువది యేండ్ల వయస్సువారు ఎక్కువగా చనిపోయిరి. అందును స్త్రీలు పురుషులకంటె హెచ్చుగా పోయిరి. ఇంటిలో పడుకొన్నవారికి పథ్యము పెట్టినవారు వారే గదా.

అప్పుడు పరీక్ష యేమి ఉన్నది? వ్యాధిని కలిగించు వైరస్సును మనుష్యునినుండి వేఱుచేసి చూచుట 1933లో గాని సాధ్యము కాలేదు. 1918లో సూక్ష్మదర్శినులలో వైద్యులు వెదకినది వేఱొక బాక్టీరియాను. పరీక్షలో వ్యాధి రుజువైనవారినే లెక్కింపవలెనను నియమమును ఆనాటికి వర్తింపజేసినచో, 1918 మహామారిలో మృతసంఖ్య సున్న యగును! ఎన్నో యేండ్ల తరువాత భద్రపఱచిన ఊపిరితిత్తుల తునకలనుండియు, అలాస్కాలో గడ్డకట్టిన నేలలో పూడ్చబడిన ఒక కళేబరమునుండియు ఆ వైరస్సు స్వరూపమును శాస్త్రజ్ఞులు కూడగట్టిరి. 2005 నాటికి ఆ పని ముగిసెను. అనగా కోట్లకొలది మృతులలో పరీక్షకు వచ్చినవి వ్రేళ్లమీద లెక్కింపదగిన శవములు.

మఱి లెక్క ఎక్కడనుండి వచ్చినది? గ్రామముల చావుల రిజిస్టరులనుండి వచ్చినది. మద్రాసు రాజధానిలో ఈ నమోదు భారము గ్రామోద్యోగులపై నుండెను. ఆ పట్టికలలో విషూచి, మశూచి, ప్లేగు, జ్వరములు, అతిసార గ్రహణులు, శ్వాసకోశవ్యాధులు, గాయములు, ఇతరములు అను గడులుండెను. ఒంటిమీద పొక్కులు చూచి మశూచి యనుట ఎవరికైనను తెలియును. వాంతులు విరేచనములు చూచి విషూచి యనుట తెలియును. ఇన్‌ఫ్లూయెంజాను మలేరియానుండి, సన్నిపాతమునుండి వేఱుచేయుట గ్రామోద్యోగికి ఎట్లు తెలియును? అందుచేత ఆ చావులలో అధికభాగము "జ్వరములు" అను గడిలో పడినది. ఆ గడి అంతకుముందును పెద్దదే. 1918 అక్టోబరు, నవంబరులలో మాత్రము అది ఉప్పొంగిపోయెను. ఆ ఉప్పెనయే మహామారికి సాక్ష్యము.

రిజిస్టరు కూడ పూర్తి సాక్షి కాదు. వ్రాయవలసినవాడే మంచముపట్టినప్పుడు, చావు కబురు తేవలసిన వెట్టివాడే చనిపోయినప్పుడు, ఏ గడిలోను ఏమియు చేరలేదు. వ్యాధి తీవ్రత ఎక్కడ ఎక్కువో అక్కడనే లెక్క తక్కువైనది. కాబట్టి కాలము గడచినకొలది అంచనా పెరుగుచు వచ్చెను. భారత ప్రభుత్వ శానిటరీ కమిషనరు నార్మన్ వైట్ 1919లో వ్రాసిన ప్రాథమిక నివేదికలో మృతులు 60 లక్షలకు పైబడిరని చెప్పెను. 1921 జనాభా లెక్కల నివేదిక ఆ సంఖ్యను 1 కోటి 20 లక్షలు మొదలు 1 కోటి 30 లక్షల వఱకు పెంచెను. 1951లో కింగ్‌స్లీ డేవిస్ అను జనాభా శాస్త్రజ్ఞుడు 1 కోటి 70 లక్షలు మొదలు 2 కోట్ల వఱకు ఉండునని లెక్కగట్టెను. 2012లో వెలువడిన మఱియొక పరిశోధన బ్రిటిషు పాలనలోని జిల్లాలకు మాత్రమే సుమారు 1 కోటి 38 లక్షలని తేల్చెను. చనిపోయినవారు పెరుగలేదు, వారిని చూచిన చూపు మాఱినది.

నేటి భారతదేశపు సరిహద్దులలో 1911లో జనసంఖ్య సుమారు 25 కోట్ల 21 లక్షలు. 1921లో 25 కోట్ల 13 లక్షలు. జనాభా లెక్కలలో జనము తగ్గిన దశాబ్దము అదొక్కటే. తెలుగువారికి దగ్గఱి సంఖ్య మఱియొకటి కలదు. నైజాము రాష్ట్రమున 1911లో 1 కోటి 33 లక్షలకు పైగా ఉన్న జనము 1921 నాటికి 1 కోటి 25 లక్షలకు లోపలికి దిగిపోయెను. ఇందు ప్లేగునకు, కఱవునకు కూడ పాలు కలదు. అయినను 1918 జ్వరపు పాలు పెద్దది. చావుల పుస్తకము దాచిన సంగతిని తలల లెక్క బయటపెట్టినది.

కోవిడ్ కాలము

నూఱేండ్ల పిమ్మట 2020లో మఱియొక మహామారి వచ్చెను. ఈసారి పరీక్ష ఉన్నది. ముక్కునుండి, గొంతునుండి తీసిన నమూనాలో వైరస్సును గుర్తించు ఆర్.టి.పి.సి.ఆర్. పరీక్ష వ్యాధి వచ్చిన కొద్ది వారములకే సిద్ధమయ్యెను. దీనితో లెక్కలు నిక్కముగా తేలునని పలువురు తలచిరి. కాని పరీక్ష ఉండుట వేఱు, అందుట వేఱు.

2020 జనవరి 30వ తేదీన కేరళములో మొదటి రోగి బయటపడినప్పుడు దేశమున ఈ పరీక్ష చేయగల ప్రయోగశాలలు బహు స్వల్పము. మొదట విదేశములనుండి వచ్చినవారికి, వారితో మెలగి జబ్బుపడినవారికి మాత్రమే పరీక్ష చేయుచుండిరి. ఆయాసముతో ఆసుపత్రిలో చేరినవారికి కూడ చేయవలెనను నిబంధన మార్చి 20న వచ్చెను. తరువాత ప్రయోగశాలలు వేలకు పెరిగినవి. అయినను 2021 ఏప్రిల్, మే మాసములలో రెండవ విడత వచ్చినప్పుడు జనము పరీక్షల ముందు వరుసలు కట్టిరి. ఫలితము వచ్చుటకు దినములు పట్టెను. ఈలోపల ఎందఱో ఇంటిలో, త్రోవలో, ఆసుపత్రి వాకిటిలో ప్రాణము విడిచిరి. పరీక్ష చేయించుకొన్నవారిలో సైతము కొందఱికి వ్యాధి యుండియు లేదని వచ్చెను. గొంతులో తగ్గి ఊపిరితిత్తులలో పెరిగిన దశలో ఇట్లు జరుగుట కలదు. ఇక పల్లెలలో నలత యని, జ్వరమని తలచి మాత్రలు మ్రింగి పడుకొన్నవారి సంగతి చెప్పనేల? "జ్వరములు" అను పాత గడి పేరు మాఱి మరల తెఱచుకొన్నది.

మరణకారణమును వైద్యుడు ధ్రువీకరించుట మన దేశమున ఇప్పటికిని సామాన్యము కాదు. 2020లో నమోదైన ప్రతి నూఱు మరణములలో అట్టి ధ్రువీకరణ కలవి సుమారు 22 మాత్రమే. ఇంత చిన్న కిటికీనుండి చూచి మహామారి కొలతను చెప్పవలసివచ్చెను.

2021 చివఱకు అధికారికముగా భారతదేశమున కోవిడ్ మృతులు 4 లక్షల 81 వేలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మే మాసములో 2020, 2021 సంవత్సరములకు గ్రాంట్ మార్గముననే తీసివేత చేసి, భారతదేశమున సాధారణముకంటె హెచ్చిన మరణములు సుమారు 47 లక్షలని ప్రకటించెను. ప్రపంచము మొత్తమునకు తెలిపిన సంఖ్య 54 లక్షలు కాగా, హెచ్చిన మరణములు సుమారు 1 కోటి 49 లక్షలు. భారత ప్రభుత్వము ఈ అంచనా పద్ధతిని ఒప్పుకొనలేదు. నమూనాలపై ఆధారపడిన గణితము ఇంత పెద్ద దేశమునకు తగదని వాదించెను. ఆ వాదమున కొంత బలము కలదు. ఆ సంస్థ కూడ తన సంఖ్యను 33 లక్షలు మొదలు 65 లక్షల వఱకు ఎక్కడనైన ఉండవచ్చునని చెప్పినది.

అయితే దేశపు సొంత లెక్కలే తరువాత మాటాడినవి. జననమరణ నమోదు పుస్తకముల ప్రకారము 2019లో వ్రాయబడిన మరణములు సుమారు 76 లక్షల 40 వేలు. 2020లో 81 లక్షల 20 వేలు. 2025లో వెలువడిన లెక్కలో 2021వ సంవత్సరపు మరణములు 1 కోటి 2 లక్షలు. ఒక్క యేడాదిలో 21 లక్షలు హెచ్చినవి. ఆ యేడు కోవిడ్ పేర వ్రాయబడినవి సుమారు 3 లక్షల 30 వేలు. నమోదు అలవాటు మెఱుగుపడుట వలన కొంత హెచ్చియుండవచ్చును. జనము పెరుగుట వలన కొంత హెచ్చవచ్చును. మంచము దొరకక గుండెజబ్బుతో, ప్రసవముతో పోయినవారును ఇందున్నారు. అన్నియు తీసివేసినను మిగులు పెద్దది.

తక్కువ పరీక్ష చేయు రెండు మోసములు

పరీక్షలు తక్కువైనచో మరణములు తక్కువగా కనిపించును. కాని వ్యాధి మాత్రము ఉన్నదానికంటె క్రూరముగా కనిపించును. ఇది మొదట విరుద్ధముగా తోచును. ఒక ఊరిలో వేయిమందికి వ్యాధి సోకి పదిమంది చనిపోయిరనుకొందము. నిజమైన మృత్యుశాతము ఒకటి. అక్కడ నూఱుమందికే, అదియు తీవ్రముగా జబ్బుపడినవారికే పరీక్ష జరిగెననియు, చనిపోయినవారిలో నలుగురు ఆ నూఱుగురిలో నున్నారనియు అనుకొందము. అప్పుడు పుస్తకమున మృతులు నలుగురు, మృత్యుశాతము నాలుగు. పదిగురు నలుగురైరి, ఒక శాతము నాలుగైనది. ఒకే కొఱత ఒకవైపు ధైర్యమును, ఒకవైపు భయమును, రెంటిని తప్పుగా పుట్టించినది. ధైర్యమును నమ్మిన అధికారి ఆసుపత్రులు కట్టడు. భయమును నమ్మిన ప్రజలు రోగిని వెలివేయుదురు.

పరీక్ష ఎక్కువగా జరిగిన ప్రాంతము ఎక్కువ దుస్థితిలో నున్నట్లును, జరుగని ప్రాంతము సుఖముగా నున్నట్లును తోచుట ఇంకొక దోషము. దీపము వెలిగించిన ఇంటిలోనే బూజు కనిపించును. చీకటింటిలో బూజు లేదని ఎవరైన అందురా?

లెక్క ఎవరికొఱకు?

చనిపోయినవారు ఎటులను తిరిగి రారు, లెక్కతో ఏమి పని యని అడుగువారు కలరు. 2021 జూను 30న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును అనుసరించి, కోవిడ్ మృతుల కుటుంబములకు 50 వేల రూపాయల సహాయము నిర్ణయింపబడెను. ఆ ధనము అందుటకు పత్రము కావలెను. పత్రమునకు పరీక్ష కావలెను. పరీక్ష లేక పోయినవాని భార్యకు ఏది ఆధారము? ఈ చిక్కును గమనించియే, వైద్యుని నిర్ణయమును కూడ అంగీకరింపవలెననియు, పరీక్షనాటినుండి 30 దినములలోపల ఆసుపత్రి వెలుపల చనిపోయినను చేర్చవలెననియు, కాదన్నచో జిల్లా సంఘమునకు చెప్పుకొనవచ్చుననియు నిబంధనలు చేసిరి. ద్వారము కొంత తెఱచినంతనే ఏమైనదో చూడుడు. అధికారికముగా 10 వేల పైచిలుకు మృతులున్న గుజరాతులో 2022 జనవరి నాటికి 89 వేలకు పైగా దరఖాస్తులు వచ్చినవి. లెక్కలో లేనివారు ఇండ్లలో మాత్రము ఉండిరి, పటములలో ఉండిరి.

రాబోవు మహామారికి ఎన్ని మంచములు, ఎంత ప్రాణవాయువు, ఎందఱు వైద్యులు కావలెనో నిర్ణయించునది గడచిన మహామారి లెక్కయే. పదివంతులు తగ్గిన లెక్కపై కట్టిన ఏర్పాటు పదివంతులు తగ్గియే యుండును.

ఇందు గ్రామమునకు చేతనైన పని యొకటి కలదు. ప్రయోగశాలను గ్రామము కట్టలేదు. కాని ఊరిలో జరిగిన ప్రతి మరణమును, కారణము తెలిసినను తెలియకున్నను, 21 దినములలోపల పంచాయతి కార్యాలయమున వ్రాయించుట ప్రతి ఇంటికిని సాధ్యము. 1969 నాటి చట్టము దానిని విధించినది. ఆస్తి లేని ముసలివారి మరణము, పేరు పెట్టని శిశువు మరణము, కూలికి వలసవచ్చిన పరదేశి మరణము వ్రాయింపక విడుచుట పల్లెలలో తఱచు జరుగుచున్నది. వారసత్వ పత్రము అక్కఱలేనివారికి మరణ పత్రము అక్కఱలేదను తలంపే దీనికి మూలము. మహామారి వచ్చిననాడు తీసివేతకు కావలసినది ఈ నిత్యపు లెక్కయే. సాధారణ సంవత్సరపు చావులు సరిగా వ్రాయనిచో అసాధారణ సంవత్సరపు హెచ్చు తెలియదు.

పాత రిజిస్టరులు, పాత పత్రికలు, ఊరివారి జాబులు చెదలపాలు కాకుండ కాపాడుట గ్రంథాలయములకు తగిన పని. గ్రాంట్ పట్టికలను ఎవరో దాచియుండకున్నచో అతని తీసివేత లేదు. 1918లో జ్వరముల గడి నింపిన పేరులేని గ్రామోద్యోగులు వ్యాధిని గుర్తింపలేకపోయిరి. అయినను చనిపోయినవారిని వ్రాసిరి. వారు వ్రాసినంత మేరకే ఆ కోటికి పైబడిన జనము నేడు చరిత్రలో నిలిచియున్నారు. వ్రాయనివారు ఇప్పటికిని ధర్మరాజు చెప్పిన రెండవ పద్దులోనే యున్నారు.